లా కాలేజీకి వీఆర్ కోర్టు కావాలా? ముందు ఒక ఊరు కట్టండి

చదివే మిగతావాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీరు జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు లా కాలేజీలో డ్రాఫ్టింగ్ (కోర్టు కాగితాలు, పత్రాలు రాయడం), మూట్ కోర్టు (కల్పిత కేసు మీద విద్యార్థులు వాదించడం) క్లాసులు చూస్తున్నారు. ఇరవై వీఆర్ హెడ్‌సెట్లు, అంటే కళ్లకు పెట్టుకుంటే చుట్టూ కల్పిత లోకం కనబడే పరికరాలు, కొని త్రీడీ కోర్టు హాలు పెట్టిద్దామని యాజమాన్యం అంటోంది. ప్రతిపాదన మిమ్మల్నే రాసివ్వమన్నారు. దానివల్ల పిల్లలకు నిజంగా ప్రాక్టీసు పట్టుబడుతుందా, ఇంతకుముందు ఎవరైనా చేసి చూశారా, మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ సందేహాలు.

నేను ఇరవై రెండేళ్లుగా ట్రయల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. పన్నెండేళ్లుగా శనివారాలు కాలేజీకి వెళ్లి మీరు చెప్పే ఆ రెండు పేపర్లే చెబుతున్నాను. వర్చువల్ లోకంలో లా నేర్పడం మంచి పని. నేను చేసి చూశాను, పిల్లల్లో వచ్చిన మార్పు కళ్లారా చూశాను. కానీ దానికి హెడ్‌సెట్లతో పని లేదు, త్రీడీ కోర్టు హాలుతో అంతకన్నా పని లేదు. కావలసింది ఒక ఊరు. ఎందుకో వివరంగా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మాటల దగ్గర గందరగోళం తీసేద్దాం. మన దేశంలో అధికారికంగా వర్చువల్ కోర్టు అంటే ట్రాఫిక్ చలానాలు ఆన్‌లైన్లో తేల్చే కోర్టు. 2019లో ఢిల్లీలో మొదలై తర్వాత చాలా రాష్ట్రాలకు వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చాక మనమంతా అలవాటు పడ్డ వీడియో వాయిదాలు వేరు. 2023 ఫిబ్రవరిలో కొలంబియాలోని మాగ్డలీనా పరిపాలనా ట్రైబ్యునల్ ఒక కేసు వాయిదాను మెటావర్స్‌లో, అంటే ఇంటర్నెట్లోని త్రీడీ లోకంలో నడిపింది, జడ్జిగారు, లాయర్లు బొమ్మల రూపంలో కూర్చుని మాట్లాడుకున్నారు. మీ యాజమాన్యం ఆ వీడియోనో అలాంటిదో చూసి ఉండొచ్చు. ఈ మూడూ కోర్టు తన పని తాను చేసుకునే పద్ధతులు. వీటిలో ఏదీ బోధన కోసం పుట్టలేదు. కాబట్టి కోర్టులే అక్కడికి వెళ్లిపోతున్నాయి, మనమూ వెళ్లాలి అన్న వాదన ప్రతిపాదనలో రాయకండి.

బోధన కోసం చేసిన ప్రయోగాల్లో పేరు మోగింది హార్వర్డ్‌ది. 2006 చివర్లో చార్లెస్ నెస్సన్, ఆయన కూతురు రెబెక్కా నెస్సన్ కలిసి సైబర్‌వన్ అని ఒక కోర్సు నడిపారు. లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో తెచ్చిన సెకండ్ లైఫ్ అనే త్రీడీ లోకంలో బర్క్‌మన్ ఐలాండ్ అని ఒక దీవి ఏర్పాటు చేసి, లా స్కూల్లోని ఆస్టిన్ హాల్‌ను, లోపలి మూట్ కోర్టు హాలుతో సహా అక్కడ కట్టారు. లా స్కూలు విద్యార్థులు, ఎక్స్‌టెన్షన్ స్కూలు ద్వారా దూరం నుంచి చేరినవాళ్లు, ఊరికే ఆసక్తి కొద్దీ వచ్చిన బయటి జనం, అందరూ ఒకే కోర్సులో ఉన్నారు. ఆ కోర్సు విషయమే జనాభిప్రాయం అనే కోర్టులో వాదించడం. కాబట్టి జనం తిరిగే లోకంలోకి క్లాసును తీసుకెళ్లడం దానికి చక్కగా అతికింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ తర్వాత చాలామంది విషయం వదిలేసి హాలు కట్టడం ఒక్కటే పట్టుకున్నారు. వర్చువల్ బెంచీలు, వర్చువల్ బోను, గోడమీద న్యాయదేవత. అందులోకి వెళ్లిన విద్యార్థి చేసేది మాత్రం మామూలు సెమినార్ హాల్లో చేసేదే. లేచి నిలబడి, రాసుకున్నది చదివి కూర్చోవడం.

నా ఆలోచన మార్చింది స్కాట్లాండ్. ఆర్డ్‌కాలక్ అనే ఊరు గురించి మీరు విని ఉండకపోవచ్చు, మ్యాపులో వెతికినా దొరకదు. గ్లాస్గోలో రెండు యూనివర్సిటీలు, అంటే స్ట్రాత్‌క్లైడ్, గ్లాస్గో కలిసి నడిపిన గ్రాడ్యుయేట్ లా స్కూల్లో పాల్ మహార్గ్, ఆయన సహచరులు కట్టిన కల్పిత పట్నం అది. లా డిగ్రీ అయ్యాక ప్రాక్టీసులోకి వెళ్లే ముందు అక్కడ ఒక డిప్లొమా చదవాలి. ఆ డిప్లొమా విద్యార్థుల కోసం కట్టారు. అందులో త్రీడీ లేదు, అవతార్లు లేవు. వెబ్ పేజీలు, ఊరి మ్యాపు, ఊళ్లో వ్యాపారాల, ఆఫీసుల, మనుషుల డైరెక్టరీ. అంతే. విద్యార్థులు నలుగురేసి కలిసి ఒక లా ఆఫీసుగా ఏర్పడతారు. ఆ ఆఫీసుకు కేసులు వస్తాయి.

ఒక కేసు ఎలా నడిచేదో చెబితే మీకే అర్థమవుతుంది. పనిచేసే చోట ఒకరికి దెబ్బ తగిలింది. ఒక ఆఫీసు దెబ్బ తగిలిన మనిషి తరఫున, ఇంకొక ఆఫీసు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున. మొదట్లో చేతికి అందేది ఒకటో రెండో కాగితాలు. మిగతాదంతా అడిగి తెచ్చుకోవాలి. సాక్షికి రాయాలి, డాక్టరుకు రాయాలి, యజమానికి రాయాలి. రాస్తే ఆ మనిషి రాసినట్టే జవాబు వస్తుంది. ఆ జవాబులు రాసేది తెరవెనక ఉన్న బోధన సిబ్బంది. అడగకపోతే ఆ సమాచారం ఎప్పటికీ రాదు. తప్పు మనిషిని అడిగితే, అది తనకు తెలియదని జవాబు వస్తుంది. ఒక జంట ఆఫీసులకు ఇచ్చిన వాస్తవాలు ఇంకొక జంటకు కొంచెం మార్చి ఇచ్చేవారు, కాబట్టి పక్కవాళ్ల దగ్గర కాపీ కొడితే కేసు తప్పుదారి పడుతుంది. అలా వారాల తరబడి నడిపి, చివరికి రెండు ఆఫీసులూ రాజీ మొత్తం దగ్గరికి రావాలి. ఇదే ఊళ్లో ఇల్లు అమ్మకం లావాదేవీలు, చనిపోయినవాళ్ల ఆస్తి పంపకం కూడా నడిపారు. 2006 నుంచి 2008 వరకు సింపుల్ అనే ప్రాజెక్టు కింద ఈ పద్ధతిని ఎవరైనా వాడుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌గా కూడా తయారుచేశారు.

మన మూట్‌కూ దీనికీ ఉన్న తేడా గమనించారా? మూట్ ప్రాబ్లమ్‌లో వాస్తవాలన్నీ ముందే కాగితం మీద ఉంటాయి. ఎవరు ఏమన్నారో, ఏ తేదీన ఏం జరిగిందో అన్నీ అచ్చువేసి ఇస్తాం. విద్యార్థి వాటికి తీర్పులు వెతికి అతికిస్తాడు. ప్రాక్టీసులో వాస్తవాలు అలా రావు. నేను సీనియర్ దగ్గర చేరిన మొదటి వారం ఒక పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా క్లయింటు వచ్చాడు. గంటసేపు మాట్లాడాడు, మా సీనియర్ ఓపిగ్గా విన్నారు, నేను రెండు పేజీలు రాసుకున్నాను. లేచి వెళ్లిపోతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "అన్నట్టు సార్, ఆ పాత కాగితం మీద మా తమ్ముడు కూడా సంతకం పెట్టాడు." నేను రాసుకున్న రెండు పేజీలూ ఆ ఒక్క మాటతో పనికిరాకుండా పోయాయి. మా సీనియర్ ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టారు. ఆ గుమ్మం దగ్గరి మాటను రాబట్టడం మూట్ నేర్పదు. ఆర్డ్‌కాలక్ లాంటి ఊరు నేర్పుతుంది.

2020లో కాలేజీలు మూతపడి క్లాసులన్నీ ఆన్‌లైన్ అయినప్పుడు నేను ఇలాంటి ఊరు ఒకటి కట్టాను. కంప్యూటర్ పరిజ్ఞానం పెద్దగా లేదు నాకు. ఒక మండల కేంద్రం మ్యాపు చేత్తో గీసి స్కాన్ చేశాను. ఎనిమిది ఈమెయిల్ ఐడీలు తెరిచాను: క్లయింటు, బ్యాంకు మేనేజరు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, తహసీల్దారు ఆఫీసు, పోస్టాఫీసు, పోలీస్ స్టేషన్, కోర్టు ఆఫీసు, ఎదుటి పక్షం లాయరు. నా ఆఫీసులోని ముగ్గురు జూనియర్లు వాటిని పంచుకున్నారు, ఎదుటి లాయరు నేను. నలుగురేసి విద్యార్థులతో ఆఫీసులు. ఊళ్లో కాలం వేగంగా నడుస్తుంది, మన ఒక వారం వాళ్లకు ఒక నెల.

మొదటి కేసు చెక్ బౌన్స్. కావాలనే అది ఎంచుకున్నాను. మన కోర్టుల్లో కొత్త లాయరుకు తొందరగా దొరికే కేసు అదే, తేదీల లెక్క తప్పితే క్షమించనిదీ అదే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ పిల్లలందరికీ నోటికి వచ్చు: చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు, నోటీసు అందాక కట్టడానికి 15 రోజుల గడువు, అది దాటాక నెలలోపు ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి క్షమించమని కోర్టును అడగొచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ దారి లేదు. పరీక్షలో రాయమంటే ఎవరూ తప్పు రాయరు.

క్లయింటు ధాన్యం వ్యాపారి. ఆయన పంపిన మొదటి మెసేజ్ రెండు లైన్లు: "మిల్లు వాళ్లిచ్చిన చెక్కు తిరిగొచ్చింది సార్. మూడు లక్షల ఎనభై వేలు. ఏం చేయమంటారు?" దాంతోపాటు చెక్కు ఫోటో. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు రాసిచ్చిన చీటీ, అంటే రిటర్న్ మెమో, పంపలేదు. ఆ మెమో ఆయన తెచ్చుకుని దుకాణంలో గల్లాపెట్టె కింద పెట్టి 18 రోజులైంది. ఈ సంగతి అడిగితేనే చెబుతాడు. కొన్ని ఆఫీసులు మెమో అడగకుండానే నోటీసు తయారుచేయడం మొదలుపెట్టాయి. మెమో అడిగినవాళ్లలో కొందరు అది మీ చేతికి ఎప్పుడు వచ్చిందని అడగలేదు. అడిగినవాళ్లకు మాత్రం చేతిలో ఇంక పన్నెండు రోజులే ఉన్నాయని, అంటే మన లెక్కలో మూడు రోజులేనని తెలిసి గుండె గుభేలుమంది. ఆ రాత్రి గ్రూపుల్లో మెసేజీలు ఆగలేదని తర్వాత చెప్పారు.

అసలు మెలిక చెక్కు ఫోటోలోనే ఉంది. సంతకం పైన చిన్న అక్షరాల్లో "ఫర్" అని, పక్కన రైస్ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు, కింద డైరెక్టర్ అని. అంటే చెక్కు ఇచ్చింది కంపెనీ. చాలా ఆఫీసులు సంతకం చేసిన మనిషి పేరు మీదే నోటీసు పంపాయి, ఎందుకంటే క్లయింటు ఆయన పేరే చెప్పాడు. అదే చట్టం 141 సెక్షన్ కింద కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టర్ మీద ఒక్కడి మీదే కేసు నడవదని అనితా హాడా కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు ఆ తీర్పు చదివారు. కానీ ఫోటో పెద్దది చేసి చూడలేదు. ఎదుటి లాయరుగా నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. నిజంగా ఎదుటి లాయరు ఎవరైనా ఇవ్వడు. 30 రోజులు దాటేదాకా ఆగి, చెక్కు కంపెనీది, కంపెనీకి మీ నోటీసే రాలేదు అని నాలుగు లైన్ల జవాబు పంపాను.

ఒక అమ్మాయి రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "సార్, మీరు ముందే చెప్పి ఉంటే సరిచేసుకునేవాళ్లం కదా" అంది, గొంతులో ఏడుపు ఉంది. మార్కులు పోతాయని భయపడుతోందేమో అనుకున్నాను. అది కాదట. "ఆయనకు ఏమని చెప్పాలి సార్?" అని అడిగింది. ఆయన అంటే ఆ వ్యాపారి, అసలు లేని మనిషి. ఇన్నేళ్ల క్లాసుల్లో ఒక విద్యార్థి క్లయింటు గురించి నన్ను అలా అడగడం అదే మొదటిసారి. ప్రొఫెషనల్ ఎథిక్స్ పేపర్లో క్లయింటు పట్ల బాధ్యతలు అని పది మార్కుల ప్రశ్నకు ఆ పిల్ల ఎప్పుడూ బాగానే రాసేది. ఆ బాధ్యత బరువు ఎంతో ఆ రాత్రి తెలిసింది.

కేసు అక్కడితో ఆపలేదు. క్రిమినల్ దారి మూసుకుపోయిన ఆఫీసులు క్లయింటుకు ఫోన్ చేసి, జరిగిన పొరపాటు ఒప్పుకుని, డబ్బు వసూలుకు సివిల్ దావా వేసే దారి మూడేళ్ల లిమిటేషన్‌లో (దావా వేసే గడువులో) ఇంకా ఉందని చెప్పాలి. ఫోన్లో క్లయింటు పాత్ర వేసింది ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు. ఆయనకు లా తెలియదు, తెలియకపోవడమే కావాలి. "మీ మాట నమ్మి కూర్చున్నాను కదయ్యా" అని ఆయన అన్నప్పుడు అవతల నలుగురూ మౌనంగా ఉండిపోయారు. ఒక అబ్బాయి తేరుకుని, తప్పు తమదేనని, ఇక మీద ఏం చేయగలమో చెప్పాడు. ఆ ఫోన్ రికార్డింగ్ తర్వాత క్లాసులో అందరం విన్నాం. ఆ రోజు జరిగిన చర్చ నేను ఇచ్చిన ఏ లెక్చర్లోనూ జరగలేదు.

క్లయింటు పాత్రకు మామూలు మనుషుల్ని పెట్టడం నా సొంత ఆలోచన కాదు. వైద్యవిద్యలో రోగి పాత్రకు శిక్షణ ఇచ్చిన మామూలు మనుషుల్ని వాడటం 1960ల నుంచీ ఉంది. స్ట్రాత్‌క్లైడ్ వాళ్లు అదే పద్ధతిని లాకు తెచ్చి, శిక్షణ పొందిన క్లయింట్లే విద్యార్థుల ఇంటర్వ్యూకు మార్కులు వేసేలా చేసి, అలా వేసిన మార్కులు నమ్మదగినవేనని 2006లో ప్రచురించారు. విద్యార్థి తన మాట విన్నాడా లేదా అన్నది క్లయింటుకు తెలిసినంతగా లెక్చరర్‌కు తెలియదు.

ఇప్పుడు మీ హెడ్‌సెట్ల దగ్గరికి వస్తాను. త్రీడీ పూర్తిగా దండగ అని నేను అనను. అది బాగా పనికొచ్చే చోటు ఒకటుంది, నేరస్థలం. క్రిమినల్ కేసు ఫైల్లో పంచనామా ఉంటుంది, రఫ్ స్కెచ్ ఉంటుంది. స్కెచ్ అంటే నాలుగు గీతలు, బాణం గుర్తు, అక్కడక్కడా నంబర్లు. లోకం చూడని పిల్లవాడికి ఆ గీతల్లో వీధి కనబడదు. మా దగ్గర ఒక అభ్యాస కేసులో సాక్షి తన ఇంటి అరుగు మీద కూర్చుని, వీధి లైటు వెలుగులో గొడవ చూశానంటాడు. మొదటిసారి క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేసిన అబ్బాయి "అంత చీకట్లో మీకు ఎలా కనబడింది?" అని అడిగాడు. క్రాస్‌లో ఎలా, ఎందుకు అని అడిగితే సాక్షికి పీట వేసి కూర్చోబెట్టినట్టే. సాక్షి పాత్ర వేసిన జూనియర్ హాయిగా ఐదు నిమిషాలు వివరించాడు.

తర్వాత వారం అదే వీధిని ఫోన్‌తో తీసిన 360 డిగ్రీల ఫోటోలతో చూపించాం. అట్టతో చేసిన చవక పెట్టెలో ఫోన్ పెట్టుకుని, సాక్షి కూర్చున్న అరుగు మీద నిలబడినట్టు చుట్టూ చూడొచ్చు. ఆ అబ్బాయి తల అటూ ఇటూ తిప్పి, ఆగిపోయి, "సార్, చెట్టు అడ్డం ఉంది" అన్నాడు. స్కెచ్‌లో ఆ వేపచెట్టు చిన్న సున్నాగా ఉంది, వాడు దాన్ని బావి అనుకున్నాడట. రెండోసారి క్రాస్ ఇలా సాగింది: "మీరు అరుగు మీదే ఉన్నారు కదా? అరుగుకు ఎదురుగా వేపచెట్టు ఉంది కదా? లైటు స్తంభం చెట్టుకు అవతల ఉంది కదా?" మూడింటికీ అవును అనిపించి, కూర్చున్నాడు. నాలుగో ప్రశ్న వేయలేదు. ఆ నాలుగో ప్రశ్న వేయకుండా ఉండటం నాకు రావడానికి నాలుగేళ్లు పట్టింది.

ఈ చూపు ముందు ముందు ఇంకా అవసరమవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 105 సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. ఏడేళ్లు, ఆపై శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లాలని 176 సెక్షన్ చెబుతోంది, రాష్ట్రాలు దాన్ని అమలు చేయడానికి ఐదేళ్ల వెసులుబాటు ఉంది. మీ విద్యార్థులు ప్రాక్టీసుకు వచ్చేసరికి ఫైల్లో కాగితాలతోపాటు వీడియోలు ఉంటాయి. వీడియో చూసి కెమెరా ఎక్కడ ఉంది, ఏది చూపలేదు అని అడగగలగాలి. ఆ అభ్యాసం కోసం రెండు మూడు హెడ్‌సెట్లు కొంటే తప్పులేదు. ఇరవై అక్కర్లేదు. కొందరికి వాటితో తల తిరుగుతుంది, పది నిమిషాలకు మించి పెట్టుకోనివ్వకండి.

ఇంకొక జాగ్రత్త, ఇది డబ్బుకు సంబంధించింది కాబట్టి యాజమాన్యానికి వెంటనే అర్థమవుతుంది. ఇంకొకరి వేదిక మీద ఇల్లు కడితే అది మీ ఇల్లు కాదు. సెకండ్ లైఫ్‌లో విద్యాసంస్థలకు సగం ధరకే స్థలం ఇచ్చేవారు. 2010లో ఆ రాయితీ తీసేస్తున్నామని ప్రకటించారు, చాలా యూనివర్సిటీలు తమ దీవులు వదులుకున్నాయి. మైక్రోసాఫ్ట్ వారి ఆల్ట్‌స్పేస్ అనే వర్చువల్ లోకం 2023 మార్చిలో మూతపడింది. అలాంటిదే మోజిల్లా హబ్స్ సేవ 2024 మేలో ఆగిపోయింది. నాకు తెలిసిన ఒక కాలేజీలో కొన్న హెడ్‌సెట్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు అయిపోయాక, అట్టపెట్టెల్లో బీరువా ఎక్కాయి. అక్కడి లెక్చరర్లు ఎంతో కష్టపడి తయారుచేసిన కోర్టు సన్నివేశాలు మళ్లీ తెరుచుకోలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మా ఊరు మాత్రం మామూలు వర్డ్ ఫైళ్లు, ఫోటోలు, ఈమెయిళ్లు. పెన్‌డ్రైవ్‌లో పడుతుంది.

వర్చువల్ లోకాల నుంచి మీ కాంట్రాక్ట్ చట్టం క్లాసుకు ఒక మంచి పాఠం కూడా దొరుకుతుంది. పెన్సిల్వేనియాలో మార్క్ బ్రాగ్ అనే లాయరు సెకండ్ లైఫ్‌లో ఒక స్థలం మూడు వందల డాలర్లకు వేలంలో కొన్నాడు. వేలం పద్ధతిలో లొసుగు వాడుకున్నాడని లిండెన్ ల్యాబ్ అతని ఖాతా మూసేసింది. అతను కోర్టుకు వెళ్లాడు. మా షరతుల ప్రకారం కోర్టుకు కాదు, ఆర్బిట్రేషన్‌కే (మధ్యవర్తి తీర్పుకే) వెళ్లాలి అని కంపెనీ అంది. 2007లో ఫెడరల్ కోర్టు ఆ షరతు మరీ ఏకపక్షమని, అది చెల్లదని చెప్పింది. తర్వాత ఇద్దరూ రాజీ పడ్డారు. దీన్ని మన సుప్రీంకోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో బేరమాడే బలం లేనివాడి మీద రుద్దిన షరతుల గురించి చెప్పిన మాటల పక్కన పెట్టి చదివించండి. ఫోన్‌లో చదవకుండా ఒప్పుకున్నాను అని నొక్కే పిల్లలకు కాంట్రాక్ట్ చట్టం 23 సెక్షన్ (ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదన్నది) వెంటనే తలకెక్కుతుంది.

ఇక లా చదువుకు నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ సంగతి. యాజమాన్యం తప్పకుండా అడుగుతుంది, దీనికి సిలబస్‌లో చోటుందా అని. ఉంది. 2008 నిబంధనల ప్రకారం డ్రాఫ్టింగ్ పేపరును క్లాసు బోధనతోపాటు సిమ్యులేషన్ అభ్యాసాలతో చెప్పాలనే ఉంది. 15 డ్రాఫ్టింగ్ అభ్యాసాలకు 45 మార్కులు, 15 కన్వేయన్సింగ్ (ఆస్తి బదిలీ వంటి పత్రాలు రాయడం) అభ్యాసాలకు 45, వైవాకు 10. మనలో చాలామంది ఆ ముప్పై అభ్యాసాలు గైడు చూసి రికార్డులోకి ఎక్కించి సంతకం పెట్టేస్తున్నాం. ఊళ్లో ఒక ఏడాది నడిస్తే ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంట్, అఫిడవిట్, ఇంటర్‌లోక్యుటరీ అప్లికేషన్, సేల్ డీడ్, జీపీఏ, వీలునామా లాంటి కాగితాలన్నీ ఎవరో ఒకరికి అవసరమై పుడతాయి. మూట్ కోర్టు పేపర్లో క్లయింటు ఇంటర్వ్యూ, ట్రయల్‌కు ముందు సన్నాహం, ఇంటర్న్‌షిప్ డైరీకి కలిపి 30 మార్కులు ఉన్నాయి. వాటిలో ఇంటర్వ్యూ, సన్నాహం ఊళ్లో చేయించవచ్చు. కానీ రెండు కేసుల ట్రయల్ చూసి రాయాల్సిన 30 మార్కులకు, ఇంటర్న్‌షిప్‌కు ఊరు ప్రత్యామ్నాయం కాదు. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండి తీరాలి. కోర్టు వరండాలో వాయిదా కోసం పొద్దున్నుంచి నిలబడ్డ ముసలాయన పక్కన కూర్చోవడం ఏ తెర మీదా దొరకదు.

అసలు ఖర్చు ఎక్కడో ఇప్పటికే గ్రహించి ఉంటారు, జవాబులు రాసే మనుషుల దగ్గర. పదిహేను ఆఫీసులు ఒకేసారి ఉత్తరాలు రాస్తే ముగ్గురికి ఊపిరాడదు. కాబట్టి ఆ హెడ్‌సెట్ల డబ్బులో కొంత నలుగురు యువ లాయర్లకు సెమిస్టర్ గౌరవ వేతనంగా అడగండి. బార్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఆ డబ్బు చాలా అవసరం, వాళ్లకు కోర్టు ఆఫీసు జవాబులు ఎలా ఉంటాయో నిన్ననే అనుభవమై ఉంటుంది. ఏఐతో జవాబులు రాయించవచ్చు కదా అని ఈ మధ్య అడుగుతున్నారు. ముసాయిదా రాయించుకోండి, మనిషి చదవకుండా పంపకండి. ఊళ్లో ఒక తేదీ ఒక చోట ఒకలా, ఇంకొక చోట ఇంకోలా వస్తే మొత్తం కేసు కూలిపోతుంది. అందుకే ప్రతి కేసుకూ అసలు నిజం రాసిన ఒక పేజీ మీ దగ్గర విడిగా ఉండాలి, జవాబు రాసే ప్రతివాళ్లూ దాన్ని చూసే రాయాలి.

మీ ఆఫీసులోనో స్నేహితుల ఆఫీసులోనో ఉన్న నిజమైన ఫైలు పేర్లు మార్చి వాడుకోవాలనిపిస్తుంది. వద్దు. చిన్న ఊళ్లో పేరు మార్చినా సర్వే నంబరు చూసి పోల్చేస్తారు. క్లయింటు చెప్పింది గోప్యంగా ఉంచడం మన బాధ్యత. పాత్రలు, తేదీలు, సర్వే నంబర్లు అన్నీ కల్పించి రాయండి.

మొదటి సెమిస్టర్‌కు ఒకటే కేసు పెట్టుకోండి. చెక్ బౌన్స్ అయితే మేలు, నోటీసు నుంచి ఫిర్యాదు దాకా ఆరేడు వారాల్లో ముగుస్తుంది. క్లయింటు మొదటి మెసేజ్ రెండు లైన్లు దాటనివ్వకండి. నోటీసు కవరు "డోర్ లాక్డ్" అని తిరిగొచ్చినట్టు ఒక ఆఫీసుకైనా పంపండి, అది అందినట్టు లెక్కా కాదా అని సుప్రీంకోర్టు అలవి హాజీ తీర్పు వాళ్లే వెతుక్కుంటారు. ప్రతి వారం ఒక గంట అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎవరికి ఏమి రాశారో చదివించండి. ఆ గంటను ఎంత పని ఉన్నా వదలకండి.

మా ఊరి మ్యాపు, ఎనిమిది పాత్రల వివరాలు, ఆ చెక్కు ఫోటో, రిటర్న్ మెమో నమూనా, నేను పంపిన ఆ నాలుగు లైన్ల జవాబు అన్నీ నా దగ్గర ఉన్నాయి. మీకు కావాలంటే ఇక్కడే అడగండి, పెడతాను. సర్వే నంబర్లు మాత్రం మీరే కొత్తగా రాసుకోండి, మా పాత విద్యార్థులు ఎవరైనా మీ జిల్లాలో ఉంటే పాతవి గుర్తుపట్టేస్తారు.